పెళ్లి ఫోటోలున్న డిస్క్‌లో రీడ్ ఎర్రర్లు వస్తే చెక్‌డిస్క్ పెట్టాలా?

కావలిలో ఫోటో స్టూడియో నడుపుతున్నానన్నారు. 2 టీబీ హార్డ్ డిస్క్ నుంచి పెళ్లి ఫోటోలు కాపీ చేస్తుంటే మధ్యలో ఆగి ‘డేటా ఎర్రర్, సైక్లిక్ రిడండెన్సీ చెక్’ అని వస్తోంది, విండోస్‌లో డిస్క్ తప్పులు సరిచేసే చెక్‌డిస్క్‌ని స్లాష్ ఆర్‌తో (చెడ్డ చోట్లు వెతికే ఆప్షన్‌తో) నడపమంటున్నారు, నడపనా అని మీ ప్రశ్న. ఇప్పుడే వద్దండి. అది డిస్క్ మొత్తాన్నీ చదువుతుంది, ఫైల్ సిస్టమ్‌లో మార్పులు కూడా రాస్తుంది. చెడిపోతున్న డిస్క్‌కి ఆ శ్రమ పెట్టే ముందు ఫోటోలు బయటికి రావాలి.

నేను చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీ ఆఫీసులో కంప్యూటర్లు చూసుకుంటాను. మా బిల్లింగ్ సిస్టమ్‌లో ఇదే మెసేజ్ వచ్చినప్పుడు ఆఫీసంతా ఒకటే మాట, రాతి దుమ్ము డిస్క్‌లోకి పోయిందని. పోదండి. డిస్క్‌కి గాలి ఆడే చిన్న రంధ్రం ఉన్నా దానికి ఫిల్టర్ ఉంటుంది. దుమ్ము ఫ్యాన్లకి పట్టి డిస్క్ వేడెక్కడం మాత్రం నిజమే.

ముందు డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ వేసి చూడండి. అందులో 05, సి5, సి7 లాంటి నంబర్లతో వరసలుంటాయి, వాటి పక్కన ఉండే అసలు లెక్కలు (రా వాల్యూలు) హెక్సాలో, అంటే అంకెలూ అక్షరాలూ కలిసిన 16 గుర్తుల లెక్కలో ఉంటాయి. ఫంక్షన్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఫీచర్‌కి వెళ్లి డెసిమల్‌కి మార్చుకోకపోతే అంకెలు చూసి ఊరికే టెన్షన్ పడతారు. సి7 అనేది కేబుల్‌లో వచ్చిన తప్పుల లెక్క, దాని పేరులో సీఆర్‌సీ (సైక్లిక్ రిడండెన్సీ చెక్) అని ఉంటుంది. మీ మెసేజ్‌లోనూ సీఆర్‌సీయే ఉంది కాబట్టి రెండూ ఒకటే అనుకుంటారు చాలామంది, కాదు. విండోస్ ఆ మెసేజ్ ఇచ్చేది ఎక్కువగా సెక్టార్ (డిస్క్ మీద డేటా ఉండే చిన్న గడి) చదవలేకపోయినప్పుడే. సి7 మాత్రం డిస్క్‌కీ మదర్‌బోర్డుకీ మధ్య దారిలో డేటా చెడినప్పుడు పెరుగుతుంది. పెరిగింది మళ్లీ తగ్గదు, అందుకని సాటా కేబుల్ మార్చాక ఇంకా పెరుగుతోందా అన్నదే చూడాలి.

సి5 అంటే చదవలేక పక్కన పెట్టిన సెక్టార్లు. 05 అంటే చెడిపోయాయని తేల్చి స్పేర్ సెక్టార్లతో మార్చేసినవి. మా దాంట్లో సి5లో కొన్ని ఉన్నాయి, 05 సున్నా. రాస్తుండగా కరెంటు పోతే సెక్టార్ సగం రాసి వదిలేసినట్టవుతుంది. అందులోని డేటాకీ దాని సరిచూపు కోడ్‌కీ పొంతన కుదరదు, డిస్క్ బాగున్నా చదవలేదు. డేటా తీసుకున్నాక ఫుల్ ఫార్మాట్ చేస్తే సి5 సున్నాకి వచ్చింది, 05 కదల్లేదు. అదే 05 కూడా పెరుగుతూ పోయుంటే డిస్క్ పక్కన పడేసేవాణ్ని. ఆ సిస్టమ్‌కి తర్వాత యూపీఎస్ పెట్టించాం.

సి5 సున్నా కాకపోతే ఫోల్డర్లు లాగి కాపీ చేయడం ఆపండి. విండోస్ చెడ్డ చోటునే పట్టుకుని మళ్లీ మళ్లీ చదవాలని చూస్తుంది. లైనక్స్ లైవ్ పెన్‌డ్రైవ్‌తో (ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే లైనక్స్ ఉన్నదానితో) బూట్ చేసి, డిస్క్ మొత్తాన్ని కొత్త డిస్క్‌లోకి కాపీ చేసే డీడీరెస్క్యూ ప్రోగ్రామ్ నడపండి. అది ముందు బాగున్న భాగమంతా లాగేసి, చెడ్డ చోట్లకి చివర్లో తిరిగొస్తుంది. ఎంతవరకు కాపీ అయిందో అది రాసుకునే మ్యాప్ ఫైల్‌ని పెన్‌డ్రైవ్ మీదో వేరే డిస్క్ మీదో సేవ్ చేస్తే, మధ్యలో కరెంటు పోయినా ఆగిన దగ్గర్నుంచే కొనసాగుతుంది. కొత్త డిస్క్ కనీసం పాతదంత సైజుండాలి. ఏది సోర్సో ఏది టార్గెట్టో ఎంటర్ కొట్టే ముందు సీరియల్ నంబర్ చూసి సరిపోల్చుకోండి, తారుమారైతే ఖాళీ డిస్క్ వచ్చి ఫోటోల మీద పడుతుంది. చెక్‌డిస్క్ సంగతి ఆ తర్వాత, అదీ కాపీ మీదే.

టక్ టక్ అని చప్పుడొస్తుంటే మాత్రం ఇవేవీ చేయకుండా పవర్ తీసేయండి. డేటా రికవరీ వాళ్లకే ఇవ్వాలి. షాపులో టేబుల్ మీదే మూత విప్పి చూస్తామంటే ఇవ్వకండి. ఫ్రిజ్‌లో పెట్టమనేవాళ్లూ ఉంటారు, తేమ పట్టి ఉన్నదీ పోతుంది.

05, సి5, సి6 (చదవలేనివని డిస్క్ తేల్చిన సెక్టార్లు), సి7 విలువలు కింద రాయండి, చూసి చెప్తాను.