అంచు స్క్రూల సంగతి

చిరంజీవి కల్యాణికి, అత్త ఆశీస్సులు.

మాధవరంలో పచ్చళ్ల షెడ్డుకి రేకులేయిస్తున్నావని మీ నాన్న చెప్పాడు. లోను కూడా నీ పేరుమీదేనట! పొద్దున్నించీ వీధిలో అందరికీ చెప్పుకున్నాను. రాత్రికి మాత్రం నిద్ర పట్టలేదు.

పైకి స్క్రూలు కనపడే రేకే వేయించు. స్క్రూలు దాచి మడత బిగించే రకానికి వేరే మిషను, అది తెలిసిన పనివాళ్లు కావాలి, కూలీ తడిసిమోపెడవుతుంది. ఇది ఏ షెడ్డు మేస్త్రీ అయినా కొడతాడు. మూడడుగుల పైచిలుకు వెడల్పు కాబట్టి పని తొందరగా తెములుతుంది. ఒక రేకు పాడైతే దాన్నొక్కదాన్నే మార్చుకోవచ్చు. మందం అర మిల్లీమీటరుకి తగ్గనివ్వకు.

నేను తప్పు చేసింది స్క్రూల దగ్గర. మన పెరంబూరు అప్పడాల షెడ్డుకి చూరు అంచున ప్రతి గట్టుకీ, అంటే రేకు మీద పొడుగ్గా పైకి లేచుండే ప్రతి మడతకీ, స్క్రూ పడాలమ్మా అన్నాడు మేస్త్రీ. మధ్యలో గట్టు విడిచి గట్టుకి కొట్టావు, ఇక్కడా అంతే చాల్లే అన్నాను. పన్నెండు వందలు మిగిలాయి.

2016 డిసెంబరు 12న వార్దా తుఫాను. గాలి రేకుని కిందినుంచి ఎత్తుతుందే, ముందు లేచేది అంచులే. మధ్యలో తుఫాను కన్ను మన మీదికొచ్చి గాలి చప్పున ఆగింది. అయిపోయిందనుకుని మీ మావయ్య పంచె ఎగ్గట్టి, ఇసుక మూట భుజానేసుకుని నిచ్చెనెక్కాడు. నేను అరుస్తూనే ఉన్నాను. అంతలో ఎదురు దిక్కునుంచి కొట్టింది. మూల రేకు నూనెలో అప్పడంలా చుట్టుకుపోయి, ఆయన చెవి పక్కనుంచి పక్కింటి గోడ దాటింది. తర్వాత చూస్తే స్క్రూలన్నీ ఇనుప దూలానికే ఉన్నాయి. కన్నాలు చిరిగి రేకే ఊడిపోయింది.

ఆయన దిగొచ్చి కాఫీ ఉందా అన్నాడు. అప్పుడు ఏడవలేదు. రాత్రి ఆ పన్నెండు వందలు గుర్తొచ్చి ఏడ్చాను.

స్క్రూ తల కిందుండే నల్ల రబ్బరు వాషరు కాస్త నొక్కుకుంటే చాలు. తల చుట్టూ చితికి బయటికొస్తే కుర్రాడు డ్రిల్లు ఎక్కువ తిప్పాడన్నమాట, అక్కడే కారుతుంది. డ్రిల్లు చేస్తే రాలే ఇనుప పొడి ఆ సాయంత్రమే ఊడ్పించు, లేకపోతే తుప్పు చుక్కలు. రేకు ఎండకి సాగి రాత్రికి ముడుచుకుంటుంది, స్క్రూలు వదులవుతాయి, రబ్బరు ఎండిపోతుంది. ఏటా అక్టోబరు వానలకి ముందు మనిషినెక్కించి చూపించు.

నువ్వెక్కకు. చిన్నప్పుడు జామచెట్టెక్కి పన్ను విరగ్గొట్టుకున్న మొహానివి, నాకు తెలీదా.

బిగించే రోజు ఫోన్ చెయ్యి. అప్పడాల డబ్బా పట్టుకుని వస్తాను, అంచు స్క్రూలు నేనే లెక్కపెడతాను. కింద నిలబడేలే.

మీ అత్త