పదో తరగతి మిత్రుడు పోతే: పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

ప్రశ్న: మాది 1998 పదో తరగతి బ్యాచ్. మా క్లాస్‌మేట్ ఒకడు, లారీ డ్రైవర్, పోయిన వారం గుండెపోటుతో చనిపోయాడు. భార్య, పన్నెండేళ్ల కొడుకు, ఎనిమిదేళ్ల కూతురు ఉన్నారు. వాట్సాప్ గ్రూపులో చందాలు వేసుకుంటున్నాం, లక్షన్నర దాకా వచ్చేలా ఉంది. పెద్దకర్మ రోజున అందరి ముందు చెల్లెమ్మ చేతికి ఇద్దామనుకుంటున్నాం. జాగ్రత్తలు ఏమైనా ఉన్నాయా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: తప్పకుండా ఇవ్వండి. కానీ పెద్దకర్మ రోజున, నగదుగా మాత్రం వద్దు. టెంటు బాకీ, భోజనాల ఖర్చు, చేబదులు ఇచ్చినవాళ్లు, అప్పులవాళ్లు అన్నీ ఆ రోజు ఆ ఇంట్లోనే ఉంటాయి. అందరూ చూస్తుండగా చేతికి వచ్చిన డబ్బును ఆమె దాచుకోలేదు. కర్మల ఖర్చుకు కావాలంటే పదో పదిహేనో వేలు ముందే ఇంటి పెద్దకు ఇచ్చేయండి. మిగతాది ఓ నెల ఆగి ఖాతాలో వేయండి.

ఈ నెలలో మీలో తీరిక ఉన్న ఇద్దరు చేయాల్సిన పని ఒకటుంది. మా దృష్టిలో చందాకన్నా అదే పెద్ద సాయం. ఆయన పాస్‌బుక్ ప్రింట్ చేయించి, మే, జూన్ నెలల్లో 436 రూపాయలు కోత పడిందేమో చూడండి. పడితే ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ఉన్నట్టే. గుండెపోటుకూ వర్తిస్తుంది, నామినీకి 2 లక్షలు వస్తాయి. కొత్తగా చేరినవాళ్లు మొదటి 30 రోజుల్లో ప్రమాదం వల్ల కాకుండా చనిపోతే మాత్రం రాదు. 20 రూపాయల కోత ప్రధానమంత్రి సురక్షా బీమాది, అది ప్రమాదాలకే. ఈ చిన్న కోతల సంగతి ఇంట్లోవాళ్లకు చాలాసార్లు తెలియనే తెలియదు. ఆయన పేరున పట్టాదారు పాస్‌బుక్ ఉంటే తెలంగాణ ప్రభుత్వ రైతుబీమా (18 నుంచి 59 ఏళ్లవారికి 5 లక్షలు) గురించి వ్యవసాయ విస్తరణ అధికారిని అడగండి. లారీ ఓనరు పీఎఫ్ కట్టి ఉంటే పీఎఫ్ సొమ్ముతో పాటు గరిష్ఠంగా 7 లక్షల దాకా ఉండే ఈడీఎల్‌ఐ (పీఎఫ్ సభ్యులకు ఉండే జీవిత బీమా), భార్యకూ పిల్లలకూ పింఛను ఉంటాయి. దారిద్ర్యరేఖకు దిగువనున్న కుటుంబమైతే జాతీయ కుటుంబ ప్రయోజన పథకం కింద 20,000 కోసం తహసీల్దారు కార్యాలయంలో దరఖాస్తు పెట్టించండి.

వీటన్నిటికీ మూలం మరణ ధ్రువపత్రం. 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే రుసుము లేదు. 30 రోజులు దాటితే పైఅధికారి అనుమతి, ఏడాది దాటితే మెజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. ఎక్కువ క్లెయిములు ఆగేది పేరు దగ్గరే. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, పాస్‌బుక్‌లో పొడి అక్షరం ఉంటుంది, ధ్రువపత్రంలో ఊళ్లో పిలిచే పేరు పడుతుంది. అందుకే నమోదుకు వెళ్లేటప్పుడు ఆధార్ జిరాక్స్ పట్టుకెళ్లి, అందులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా రాయించండి. అసలు ప్రతులు ఓ ఎనిమిది తీసుకోండి.

ఆయన ఏటీఎం కార్డుతో, ఫోన్‌పేతో డబ్బు తీయవద్దని ఇంట్లోవాళ్లకు చెప్పండి. మరణం తర్వాత అలా తీస్తే క్లెయిము దగ్గర, వారసుల మధ్య తగాదా వస్తుంది. ఫోన్ నంబరు మాత్రం పనులన్నీ అయ్యేదాకా రీచార్జి చేయిస్తూ ఉండండి.

ఇక చందా. ఒకరి సొంత ఖాతాలో పోగేస్తే లెక్క చెప్పలేక స్నేహాలు చెడతాయి. అందరూ నేరుగా చెల్లెమ్మ ఖాతాకే పంపి, స్క్రీన్‌షాట్ గ్రూపులో పెట్టడం మేలు. అంతకుముందు ఆమెది పూర్తి కేవైసీ ఖాతానా అని బ్రాంచిలో అడగండి. పూర్తి పత్రాలు లేకుండా తెరిచిన చిన్న ఖాతాలో ఏడాదికి లక్షకు మించి జమ కాకూడదు, నిల్వ 50,000 దాటకూడదు. మీ లక్షన్నర అక్కడే ఇరుక్కుంటుంది. ఆధార్, పాన్ ఇచ్చి కేవైసీ చేయిస్తే సరిపోతుంది. బంధువులు కానివాళ్ల నుంచి ఏడాదిలో 50,000కు మించి వచ్చిన సొమ్ము మొత్తం ఆమె ఆదాయం కిందికి వస్తుంది. వేరే సంపాదన లేకపోతే పన్ను పడకపోవచ్చు. అయినా ఎవరెంత ఇచ్చారో జాబితా దాచి, ఒకసారి ఆడిటర్‌కు చూపించండి.

పాపకు పదేళ్లు నిండలేదు కాబట్టి సుకన్య సమృద్ధి ఖాతా తెరిపించవచ్చు. 250 రూపాయలతో మొదలవుతుంది. పదో తరగతి పాసయ్యాక గానీ, 18 ఏళ్లు నిండాక గానీ చదువుకు సగం దాకా తీసుకోవచ్చు. చందా అంతా అందులో వేయకండి, ఈ ఏడాది బియ్యానికీ బడి ఖర్చుకూ చేతిలో డబ్బు ఉండాలి.

ప్రశ్న: చనిపోయిన స్నేహితురాలి సంతాప సభకు పెద్ద ఫొటో కావాలి. మా దగ్గరున్నది టెన్త్ గ్రూప్ ఫొటో ఒక్కటే. అందులోంచి తీయించవచ్చా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: చిన్నగా అయితే వస్తుంది, పెద్దగా రాదు. గ్రూప్ ఫొటోలో ముఖం సుమారు 8 మిల్లీమీటర్లు ఉంటుంది. 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేస్తే ఆ ముఖానికి దక్కేది 190 పిక్సెళ్లు, 1200లో 380. రెండంగుళాల ముఖానికి 1200 స్కాన్ సరిపోతుంది. 12×18 అంగుళాల ఫ్రేముకు లాగితే కళ్లు మసకబారిపోతాయి. స్టూడియోవాళ్లు యాప్‌తో పదును పెడితే ముఖం శుభ్రంగానే వస్తుంది కానీ అది ఆమె ముఖంలా ఉండదు, కన్నవాళ్లు ఇట్టే గుర్తుపడతారు. కాబట్టి గ్రూప్ ఫొటోను మొత్తంగా పెద్దది చేయించి ఒక పక్కన పెట్టండి. సభకు పెళ్లి ఆల్బమ్‌లోంచో, ఇంటివాళ్ల ఫోన్లోంచో ఒకటి అడిగి తీసుకోండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత తగ్గుతుంది, డాక్యుమెంట్‌గా పంపమనండి. పాత ఫొటో అద్దానికి అతుక్కుపోయి ఉంటే లాగకండి, పైపొర ఊడొస్తుంది. అద్దంతోనే స్కాన్ చేయించండి.

దండ వేయడం, దీపం పెట్టడం అన్ని ఇళ్లలో ఉండదు. ముస్లిం, క్రైస్తవ కుటుంబాలైతే ముందే అడగండి. పేరు ముందు ఏం రాయాలో కూడా వాళ్లనే చెప్పమనండి.

ప్రశ్న: మిత్రుడి పేరున మేం చదివిన జిల్లా పరిషత్ హైస్కూల్లో ఏటా బహుమతి పెట్టాలని ఉంది. 50,000 డిపాజిట్ చేస్తే చాలా? మాలో కొందరు అమెరికా పౌరులు.
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: ఆరున్నర శాతం వడ్డీ అనుకుంటే ఏడాదికి 3,250 వస్తుంది, ఒక విద్యార్థికి సరిపోతుంది. షీల్డు వద్దు, డబ్బంతా పుస్తకాలకు ఇవ్వండి. డిపాజిట్ స్కూలు పేరున వేస్తే ఏమవుతుందంటే, హెడ్మాస్టర్ బదిలీ అవుతారు, బ్యాంకులో సంతకం మార్చేవాళ్లు ఉండరు, రసీదు బీరువాలో ఉండిపోతుంది. గడువు తీరి పదేళ్లు ఎవరూ అడగకపోతే ఆ సొమ్ము రిజర్వు బ్యాంకు నిధికి వెళుతుంది. తిరిగి తెచ్చుకోవచ్చు కానీ తిప్పలు పడాలి. ఇక్కడ మన దేశంలోనే ఉంటున్న ఇద్దరు ముగ్గురు మిత్రుల పేరున ఉమ్మడిగా, ఎవరైనా తీసుకునేలా, నామినీతో వేయండి. వడ్డీ మీద పన్ను మొదటి పేరుగల వ్యక్తికి పడుతుందని ముందే మాట్లాడుకోండి. ట్రస్టు పెట్టి దాని ఖాతాలో వేసేట్టయితే, ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి లేకుండా విదేశీ పౌరుల డబ్బు అందులో పడకూడదు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు బ్యాంకు ద్వారా పంపితే ఆ చిక్కు లేదు.

ఇంకొకటి. టెన్త్ ఫలితాలు వేసవిలో వస్తాయి, బహుమతులు ఆగస్టు 15న ఇస్తారు. అప్పటికి ఆ విద్యార్థి ఇంటర్‌లో చేరి ఎక్కడో హాస్టల్లో ఉంటాడు. ఫలితాలు రాగానే ఫోన్ నంబరు తీసుకుని డబ్బు జూన్‌లోనే ఇచ్చేయండి, పుస్తకాలకు పనికొస్తుంది. ఆగస్టు 15న తల్లిదండ్రులను పిలిచి పేరు చదివించండి. ఎవరికి ఇవ్వాలి, మార్కులు సమానమైతే ఏం చేయాలి అన్నది ఒక కాగితం మీద రాసి, హెడ్మాస్టర్ సంతకంతో ఒక ప్రతి మీ దగ్గర, ఒకటి మిత్రుడి ఇంట్లో ఉంచండి.