సూత్రం కంటే ముందు అంచనా: పదో తరగతికి వచ్చిన మనవరాలికి

మహారాణిపేట,
విశాఖపట్నం.

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది.

మొన్న ఫోనులో నువ్వు అడిగినదానికి అప్పటికప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. "సూత్రాలన్నీ నోటికి వచ్చు తాతయ్యా, కానీ లెక్క చూడగానే ఏది వాడాలో తోచడం లేదు" అన్నావు. ఈ ఊళ్లో 34 ఏళ్లు ఉన్నత పాఠశాల పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పినవాడిని కాబట్టి ఆ మాట నాకు కొత్త కాదు. తెలివైన పిల్లలు, కష్టపడి చదివే పిల్లలు కూడా ఏటా నా దగ్గరికి వచ్చి ఇదే చెప్పుకునేవారు. తీరికగా కూర్చుని రాస్తే తప్ప దీనికి న్యాయం జరగదనిపించి కాగితం తీసుకున్నాను.

నీకు చెప్పదలచుకున్నది ఒక్కటే. ఏ సూత్రాన్నయినా పుస్తకంలో రాసుకునే ముందు, ఆ సూత్రం లెక్కగట్టే రాశి నిజ జీవితంలో ఎంత ఉంటుందో నీ అంతట నువ్వు ఒక అంచనా వేసి, ఆ అంకెను పక్కన రాసి పెట్టుకో. ఆ తరువాతే లెక్క చెయ్యి. అంచనా తప్పినా ఫరవాలేదు, ఎంత తప్పిందో, ఎందుకు తప్పిందో చూసుకోవడంలోనే అసలు చదువు జరుగుతుంది. అక్షరాలుగా మాత్రమే తెలిసిన సూత్రం పరీక్ష హాల్లో చెయ్యి వదిలేస్తుంది. చేతికి తగిలిన కొలతతో ముడిపడిన సూత్రాన్ని మాత్రం మరిచిపోదామన్నా మరిచిపోలేము.

దీనికి ఒక ఉదాహరణ నా ఒంటి మీదే జరిగింది. రెండేళ్ల కిందట ఒక ఆసుపత్రికి మామూలు పరీక్షల కోసం వెళ్లాను. అక్కడ రద్దీగా ఉంది, కుర్చీ పక్కన బల్ల లేదు. నా చెయ్యి కిందికి వేలాడుతుండగానే పట్టీ కట్టి బీపీ చూశారు. పై అంకె 152 వచ్చింది. మాత్ర మోతాదు పెంచాలేమో అన్నారు. నేను బతిమాలి, ఒక బల్ల దగ్గరికి జరిగి, మోచేతిని గుండె ఎత్తులో ఆనించి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చుని మళ్లీ చూడమన్నాను. 132 వచ్చింది. ఆ 20 ఎక్కడి నుంచి వచ్చిందంటావు? నీ తొమ్మిదో తరగతి పుస్తకంలోనే ఉంది జవాబు.

ద్రవం లోపల h లోతుకు వెళ్తే పీడనం hρg మేరకు పెరుగుతుందని చదివావు కదా (ρ ద్రవం సాంద్రత, g గురుత్వ త్వరణం). మన ఒంట్లో రక్తం కూడా ద్రవమే. గుండె కంటే పట్టీ సుమారు 25 సెంటీమీటర్లు కిందికి ఉందనుకో. రక్తం సాంద్రత ఘనపు మీటరుకు దాదాపు 1060 కిలోగ్రాములు. 0.25ను 1060తోను, 9.8తోను గుణిస్తే 2600 పాస్కళ్లకు కాస్త తక్కువ వస్తుంది. పాదరసం ఒక మిల్లీమీటరు ఎత్తు అంటే 133 పాస్కళ్లు. భాగించి చూడు, 19.5 మిల్లీమీటర్లు. నిమిషాలు గడిచి మనసు నెమ్మదించడం వల్ల కూడా ఒకటి రెండు తగ్గి ఉండవచ్చు కానీ, తేడాలో పెద్ద భాగం ఆ 25 సెంటీమీటర్ల రక్తపు నిలువుదే. ఎవరికైనా బీపీ చూసేటప్పుడు చెయ్యి గుండె ఎత్తులో ఉందో లేదో చూడు, మీ అమ్మకు కూడా చెప్పు. చెయ్యి 10 సెంటీమీటర్లు దిగితే 8 మిల్లీమీటర్ల దాకా ఎక్కువ చూపిస్తుంది.

ఇదే సూత్రంతో ఇంకో ప్రశ్న వేసుకో. బీపీ కొలవడానికి వైద్యులు పాదరసాన్నే ఎందుకు ఎంచుకున్నారు, నీళ్లు పనికిరావా? పనికొస్తాయి. కానీ పాదరసం నీటికంటే 13.6 రెట్లు సాంద్రమైనది కనుక, 120 మిల్లీమీటర్ల పాదరసానికి సమానమైన నీటి నిలువు 1.63 మీటర్లు అవుతుంది. నీ అంతటి గొట్టం బల్ల మీద నిలబెట్టవలసి వస్తుంది. పీడనాన్ని మిల్లీమీటర్లలో చెప్పడం ఏమిటని తరగతిలో నీకు వింతగా తోచి ఉంటుంది. అది పాదరసం గొట్టం మిగిల్చిపోయిన అలవాటు. పాదరసం విషపదార్థం కాబట్టి ఆ పరికరాలు ఇప్పుడు తగ్గిపోతున్నాయి, కొలత మాత్రం అలాగే నిలిచిపోయింది.

సెలైన్ ఎక్కించేటప్పుడు సీసాను స్టాండుకు అంత ఎత్తున ఎందుకు వేలాడదీస్తారో కూడా దీనితోనే తెలిసిపోతుంది. చేతికి ఒక మీటరు ఎత్తున సీసా ఉంటే అక్కడి ద్రవం దాదాపు 73 మిల్లీమీటర్ల పాదరసానికి సమానమైన పీడనంతో కిందికి నెడుతుంది. సిరలో పీడనం సాధారణంగా 10 మిల్లీమీటర్ల ప్రాంతంలోనే ఉంటుంది కాబట్టి ద్రవం హాయిగా లోపలికి పోతుంది. రోగి లేచి నడిచేటప్పుడు తోడు వచ్చినవారు సీసాను పొరపాటున చేతికంటే కిందికి దించితే గొట్టంలోకి ఎర్రగా రక్తం ఎదురు రావడం నువ్వు చూసే ఉంటావు. అది చూసి చాలామంది కంగారు పడతారు. నీకు h గుర్తు రావాలి.

ఇక ఆసుపత్రి నుంచి బీచ్ రోడ్డుకు వద్దాం. చిన్నప్పుడు నిన్ను కురుసురా జలాంతర్గామిలోకి తీసుకెళ్తే లోపలి గుండ్రని ద్వారాల్లోంచి వంగి దూరడానికి మారాం చేశావు, గుర్తుందా? 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, మరుసటి ఏడు నుంచి ఒడ్డున ప్రదర్శనశాలగా ఉన్న ఓడ అది. ఆ మూతలు, ఆ తలుపులు అంత మందంగా, అంత చిన్నగా, గుండ్రంగా ఎందుకున్నాయో అప్పుడు నువ్వు అడిగావు, నేను "నీళ్లు ఒత్తుతాయమ్మా" అని ఊరుకున్నాను. ఇప్పుడు లెక్కతో చెప్పవచ్చు. సముద్రపు నీటి సాంద్రత ఘనపు మీటరుకు సుమారు 1025 కిలోగ్రాములు. అందులో 100 మీటర్ల లోతుకు వెళ్తే పీడనం దాదాపు 10 లక్షల పాస్కళ్లు పెరుగుతుంది, అంటే వాతావరణ పీడనానికి పది రెట్లు. 60 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న ఒక్క మూత మీద పడే బరువు ఎంతో ముందు అంచనా వెయ్యి, ఆ తరువాత కింది వాక్యం చదువు.

దాదాపు 29 టన్నులు. సరుకు నింపుకొని పోర్టు రోడ్డు మీద వెళ్లే పెద్ద లారీని ఆ మూత మీద నిలబెట్టినట్టు. బీపీ పట్టీ దగ్గర వాడిన hρg లోనే h ను 25 సెంటీమీటర్ల నుంచి 100 మీటర్లకు మార్చాం, వేరే సూత్రమేమీ తేలేదు. ఒకే సూత్రం ఒకచోట నా మాత్ర మోతాదును, మరొకచోట ఉక్కు మందాన్ని నిర్ణయిస్తున్నదని తెలిసిన రోజున, ఏ సూత్రం ఎక్కడ వాడాలన్న నీ తికమక చాలావరకు పోతుంది.

పీడనం గురించే మరొక్క మాట. సింహాచలం ఘాట్ రోడ్డు దిగే కారుకు డ్రైవరు పాదంతో వేసే ఒత్తిడి చక్రాల దాకా చేరేది పాస్కల్ నియమం వల్లనే, అంటే మూసి ఉన్న ద్రవం మీద ఒకచోట వేసిన పీడనం అన్ని వైపులకూ సమానంగా చేరుతుందన్న నియమం. ద్రవంతో పనిచేసే బ్రేకుల గొట్టంలో గాలి బుడగ చేరితే పెడలు మెత్తగా దిగిపోతుంది, బ్రేకు పట్టదు. గాలి నలుగుతుంది, ద్రవం నలగదు. మెకానిక్కు బ్రేకుల్లో ఎయిర్ తీసేటప్పుడు నిలబడి చూడు. పాఠంలో నాలుగు పేజీలున్న విషయం నాలుగు నిమిషాల్లో బోధపడుతుంది.

మెకానిక్కు అన్నాను కనుక, బలభ్రామకం దగ్గరికి వద్దాం, అంటే బలాన్ని ఆధార బిందువు నుంచి దాని దూరంతో గుణిస్తే వచ్చేది. పిల్లలు అన్నిటికంటే ఎక్కువగా తడబడేది ఇక్కడే, ఎందుకంటే బలాన్ని మాత్రమే చూసి దూరాన్ని మరిచిపోతారు. కారు చక్రం నట్టు వదులు చెయ్యడానికి ఇంచుమించు 100 న్యూటన్ మీటర్లు కావాలనుకో. 25 సెంటీమీటర్ల పానాతో అయితే 400 న్యూటన్లు, అంటే 40 కిలోల బరువు మోసినంత బలం పెట్టాలి. ఆ పానా పిడికి ఇనుప గొట్టం తొడిగి అరమీటరు చేస్తే 20 కిలోలంత చాలు. గాజువాక షెడ్లలో బక్కపలచని కుర్రవాడు తుప్పు పట్టిన నట్టును ఊడదీయడం వెనక ఉన్నది ఇదే. మీ నాన్న కారు చక్రం మార్చేటప్పుడు పానాను ఒకసారి చివర, మరొకసారి మధ్యలో పట్టుకుని తిప్పి చూడు. చేతికి తెలిసే తేడాను ఏ బొమ్మా చూపించలేదు.

ఇప్పుడు అదే కొలతను నీ మోచేతికి వర్తింపజెయ్యి. మోచెయ్యి ఆధార బిందువు. చేతి ముందువైపు కండరం ఎముకకు అతుక్కున్నది దానికి సుమారు 4 సెంటీమీటర్ల దూరంలో, అరచేతిలో నువ్వు పట్టుకున్న 5 కిలోల బియ్యం సంచి సుమారు 32 సెంటీమీటర్ల దూరంలో. కండరం లాగవలసింది ఎంత? 40 కిలోల బరువుకు సమానం, ముంజేతి బరువు దానికి అదనం. ఇంత నష్టానికి శరీరం ఎందుకు ఒప్పుకుందని నీకు అనిపించాలి. కండరం ఒక సెంటీమీటరు ముడుచుకుంటే అరచెయ్యి ఎనిమిది సెంటీమీటర్లు కదులుతుంది. బలం పోగొట్టుకుని వేగం సంపాదించుకున్న అమరిక అది. అందుకే బంతి విసరగలుగుతున్నాం. బరువును ఒంటికి దగ్గరగా పట్టుకుని ఎత్తమని, నడుము వంచి దూరం నుంచి లాగవద్దని వైద్యులు చెప్పడానికి కూడా ఈ దూరమే కారణం. వెన్నెముక విషయంలో ఆ మాటను తేలికగా తీసుకోకు, నీ పుస్తకాల సంచి తక్కువ బరువేమీ కాదు.

ధ్వని పాఠం చాలామంది మార్కుల కోసం చదివి వదిలేస్తారు, నాకు అది బాధగా ఉంటుంది. మన ఊరికి ఆ పాఠం మీద ప్రత్యేకమైన హక్కు ఉంది. ఫిషింగ్ హార్బరు నుంచి వెళ్లే మరపడవల్లో లోతు చూపించే పరికరం, నౌకాదళం వాడే సోనార్, ఆసుపత్రిలో గర్భిణులకు తీసే స్కానింగు, ఈ మూడూ చేసేది ఒకే పని: ధ్వనిని పంపి, ప్రతిధ్వని వచ్చేదాకా ఆగి, కాలాన్ని కొలవడం. సముద్రంలో ధ్వని వేగం సెకనుకు దాదాపు 1500 మీటర్లు, మన శరీర కణజాలంలో 1540. మనలో ఎక్కువ భాగం నీరే కాబట్టి ఆ రెండు అంకెలు అంత దగ్గరగా ఉన్నాయి. పడవ కింద 0.2 సెకన్లకు ప్రతిధ్వని వస్తే లోతు ఎంత? 300 మీటర్లు అని రాసి వచ్చే పిల్లలను ఏటా చూశాను. ధ్వని వెళ్లి రావాలి కదా, 150 మీటర్లు. ఈ సగం చెయ్యడం మరిచిపోకు.

స్కానింగులో వాడే ధ్వని మన చెవికి వినిపించే 20,000 హెర్ట్జ్‌ల హద్దుకు ఎంతో పైన, లక్షల హెర్ట్జ్‌లలో ఉంటుంది. 35 లక్షల హెర్ట్జ్‌ల తరంగం తరంగదైర్ఘ్యం ఎంతో లెక్కకట్టు. అర మిల్లీమీటరు కూడా ఉండదు. అంత చిన్న తరంగం కనుకనే కడుపులోని బిడ్డ వేళ్లు కనిపిస్తాయి. మరి సముద్రంలో కూడా అదే వాడవచ్చు కదా అంటావేమో. పౌనఃపున్యం, అంటే హెర్ట్జ్‌లలో చెప్పే సెకనుకు కంపనాల సంఖ్య, పెరిగేకొద్దీ తరంగం దారిలోనే త్వరగా ఇంకిపోతుంది. అందుచేత దూరం వినవలసిన సోనార్ చాలా తక్కువ పౌనఃపున్యాన్ని, దగ్గరలో సూక్ష్మంగా చూడవలసిన స్కానింగు ఎక్కువ పౌనఃపున్యాన్ని వాడతాయి. స్కానింగుకు ముందు చర్మం మీద చల్లగా పూసే జెల్ మందు కాదు. ధ్వనిని పంపే ప్రోబుకు, చర్మానికి మధ్య పలుచని గాలి పొర మిగిలినా ధ్వని దాదాపు అంతా అక్కడే వెనక్కు తిరిగిపోతుంది, ఆ గాలిని తరిమివేయడానికే జెల్.

కటకాల సంగతి నీ కళ్లద్దాలతోనే నేర్చుకోవచ్చు. నీ చీటీలో మైనస్ 2 అని ఉంది, అది డయాప్టర్లలో కటక సామర్థ్యం. ఒకటిని రెండుతో భాగిస్తే నాభ్యంతరం అర మీటరు, మైనస్ గుర్తు పుటాకార కటకానికి. అద్దం లేకుండా పుస్తకాన్ని కళ్ల దగ్గర నుంచి మెల్లగా దూరం జరుపుతూ, అక్షరాలు మసకబారడం మొదలయ్యే దూరాన్ని టేపుతో కొలువు. అర మీటరు దగ్గరదగ్గరగా వస్తే నీ కంటివైద్యుడి లెక్కను నువ్వు సరిచూసినట్టే.

పోయిన ఏడాది సైకిలు మీద నుంచి పడి మణికట్టు విరిగినప్పుడు తీసిన ఎక్స్ రే ఫిల్మును దాచిపెట్టమన్నాను, పారేయలేదు కదా? 1895లో రాంట్‌జెన్ తన భార్య చేతిని తీసిన చిత్రంలో కూడా ఎముకలు అలాగే మాంసం నుంచి విడిగా తేలి కనిపించాయి. ఎముకలోని కాల్షియం ఆ కిరణాలను మాంసం కంటే ఎక్కువగా పీల్చుకుంటుంది. కిరణాలు తక్కువగా చేరిన చోట నీ ఫిల్ము తెల్లగా మిగిలింది.

చదివే పద్ధతి గురించి కూడా నాలుగు మాటలు చెప్తాను. లెక్కలో ప్రతి అంకె పక్కన ప్రమాణం రాయి, మధ్య మెట్లలో కూడా రాయి. ప్రమాణాలు సరిపోలకపోతే సూత్రం తప్పు ఎంచుకున్నావని కాగితమే నీకు చెబుతుంది. సెంటీమీటర్లను మీటర్లలోకి మార్చకుండా ముందుకు పోకు. ద్రవ్యరాశి కిలోగ్రాములలో, భారం న్యూటన్లలో అని గట్టిగా పట్టుకో. పైన నేను సౌకర్యం కోసం "40 కిలోల బలం" అన్నాను, పరీక్షలో మాత్రం అలా రాయవద్దు. బొమ్మ గియ్యకుండా బలాల లెక్క మొదలుపెట్టకు. జవాబు రాగానే ఇది సంభవమా అని ఒక్క క్షణం ఆగి చూసుకో. మనిషి పరుగు వేగం సెకనుకు 90 మీటర్లని రాసి, కింద రెండు గీతలు గీసిన జవాబు పత్రాలను ఎన్నో దిద్దాను. ఆ పిల్లలకు గుణకారం వచ్చు, అంచనా వేసే అలవాటు మాత్రం ఎవరూ నేర్పలేదు. మొదటి పదేళ్లు నేను కూడా నేర్పలేదు, నోట్సు చెప్పి రాయించాను. ఆ పిల్లల విషయంలో నాకు ఇప్పటికీ వెలితిగానే ఉంది.

వచ్చే ఆదివారం నువ్వు వచ్చేటప్పుడు పూర్ణా మార్కెట్‌లో నాలుగు మీటర్ల పారదర్శకమైన సన్నని ప్లాస్టిక్ గొట్టం, ఒక కొలత టేపు కొనుక్కుని రా. గొట్టాన్ని U ఆకారంలో మేడమెట్ల పక్క గోడకు కట్టి, సగం దాకా రంగు నీళ్లు పోద్దాం. ఒక చివర నువ్వు ఊదితే రెండో వైపు నీళ్లు పైకి లేస్తాయి. రెండు మట్టాలకు మధ్య ఎత్తే నీ ఊపిరి పీడనం. అది ఎన్ని సెంటీమీటర్లు ఉంటుందో నీ అంచనా, మీ తమ్ముడి అంచనా రెండూ చీటీ మీద రాసి, మడిచి తీసుకురండి. ఊదేదాకా చీటీలు నా దగ్గర ఉంటాయి.

ఇట్లు,
నీ తాతయ్య