ఫార్మాట్ కొట్టించకండి, ముందు ఎస్‌ఎంపీఎస్ సంగతి చూడండి

తెర ఉన్నట్టుండి స్టక్ అయిపోతోంది, మౌస్ కదలదు, పాట మాత్రం ఆగకుండా వస్తూనే ఉంటుంది, షాపతను విండోస్ ఫార్మాట్ కొట్టాలంటున్నాడు, కొట్టించమంటారా అని అడిగారు. వద్దండీ, ముందు ఎస్‌ఎంపీఎస్‌ని, అంటే సిస్టమ్‌కి కరెంటు అందించే డబ్బాని, చూడండి.

పాట వస్తోందంటే సిస్టమ్ నడుస్తున్నట్టే, ఆగింది బొమ్మ ఒక్కటే. ఈసారి ఆగినప్పుడు క్యాప్స్ లాక్ నొక్కండి. లైటు వెలిగి ఆరుతుంటే విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బీ నాలుగూ కలిపి నొక్కండి. తెర ఒక్క క్షణం నల్లబడి తిరిగొచ్చిందా, తగాదా గ్రాఫిక్స్ దగ్గరే. ఆ తర్వాత, విండోస్ తనలో జరిగినవి రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరిచి 4101 నంబరు వెతకండి. తెర మీద బొమ్మ గీసే గ్రాఫిక్స్ కార్డు 2 సెకన్లలో జవాబివ్వకపోతే విండోస్ దాని డ్రైవర్‌ని, అంటే కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్‌ని, మళ్లీ మొదలుపెడుతుంది, ఆ సంగతి ఈ నంబరుతో అక్కడ రాసిపెడుతుంది.

మాది తెనాలిలో ఫోటో స్టూడియో. పెళ్లి ఆల్బమ్‌ల డిజైనింగ్ మా ఆవిడ ఇంట్లోనే చేస్తుంది. 12 బై 36 షీటు 300 డీపీఐలో అంటే 10,800 పిక్సెళ్ల వెడల్పు. ఆ షీటు మీద పెళ్లికూతురి మొహం జూమ్ చేసిందంటే చాలు, తెర బిగుసుకుపోయేది. శ్రావణమాసం ముహూర్తాలు, పెళ్లివాళ్ల ఫోన్ల మీద ఫోన్లు. ఇంటికొచ్చిన మెకానిక్ సైడు డోరు కూడా తీయకుండానే వైరస్ అన్నాడు, ఫార్మాట్ అన్నాడు. మా ఆవిడ ససేమిరా ఒప్పుకోలేదు. ఏళ్లుగా చేసుకున్న యాక్షన్లు, బ్రష్షులు, అను ఫాంట్లు అన్నీ మళ్లీ ఎక్కించుకోవాలంటే ఎన్ని రోజులు పడుతుందో డీటీపీ చేసేవాళ్లకే తెలుసు. ఫార్మాట్ అనే మాట అంత తేలిగ్గా ఎలా వస్తుందో వీళ్లకి! జ్వరమొచ్చిందంటే ఇల్లు ఖాళీ చేయమన్నట్టుంటుంది.

ఆ సాయంత్రం ప్లగ్గు పీకి డోరు నేనే తీశాను. మా కార్డు జీటీఎక్స్ 1060, అది 120 వాట్లు తాగుతుంది. మదర్‌బోర్డు స్లాటు నుంచి వచ్చేది 75 వాట్లే, మిగతాది 6 పిన్నుల వైరు నుంచి రావాలి. మా ఎస్‌ఎంపీఎస్‌కి ఆ వైరే లేదు. అమ్మినవాళ్లు పాత హార్డ్‌డిస్కులకిచ్చే నాలుగు పిన్నుల వైరుకి కన్వర్టర్ తగిలించి పంపారు. ఆ కనెక్టర్ పట్టి లాగితే రాలేదు. అటూ ఇటూ కదిలించి ఊడదీస్తే, పసుపు వైరు దూరే చోట తెల్ల ప్లాస్టిక్ ముదురు గోధుమరంగుకి మాడి, మెత్తబడి పిన్నుకి అతుక్కుపోయి ఉంది. పసుపు వైరే 12 వోల్టుల లైను. జూమ్ చేయగానే కార్డు ఒక్కసారిగా కరెంటు లాగడం, ఆ మాడిన పిన్ను దగ్గర వోల్టేజి పడిపోవడం, తెర ఆగిపోవడం, ఇదీ కథ.

క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చే ఎస్‌ఎంపీఎస్‌ని నేను అసలు నమ్మను. స్టిక్కరు మీద 500 వాట్లని ఉంటుంది, చేత్తో ఎత్తితే బరువే ఉండదు. ఎనభై వేల సిస్టమ్ కొనేవాళ్లు దీని దగ్గరే చెయ్యి వెనక్కి తీస్తారు. కరెంటు వృథా తక్కువని చెప్పే 80 ప్లస్ బ్రాంజ్ గుర్తున్నది, 6, 8 పిన్నుల వైర్లు సొంతంగా ఉన్నది మంచి కంపెనీది వేయించాం. అంతే, అదే విండోస్, అదే డ్రైవర్, ఆ సీజన్ ఆల్బమ్‌లన్నీ దాని మీదే వెళ్లాయి.

విండోస్ సెట్టింగులుండే రిజిస్ట్రీలో టీడీఆర్ డిలే, అంటే కార్డు జవాబు కోసం విండోస్ ఆగే ఆ గడువు, పెంచమని వీడియోల్లో చెప్తారు. మీ విషయంలో అది చేయకండి. 2 సెకన్లని 10 చేస్తే తెర ఇంకాసేపు ఆగి ఉంటుంది, మాడే పిన్ను మాడుతూనే ఉంటుంది. డ్రైవర్ అనుమానమైతే డీడీయూ అనే డ్రైవర్ తుడిచే సాఫ్ట్‌వేర్‌తో సేఫ్ మోడ్‌లో పాతది పూర్తిగా తీసేసి, కార్డు కంపెనీ సైటు నుంచే కొత్తది ఎక్కించండి. డ్రైవర్ అప్‌డేటర్లని తిరిగే సాఫ్ట్‌వేర్ల జోలికి పోవద్దు.

ఎస్‌ఎంపీఎస్ డబ్బాని మాత్రం విప్పకండి, ప్లగ్గు తీసినా లోపల కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. సైడు డోరు తీసి కార్డుకెళ్లే వైరు, ఎస్‌ఎంపీఎస్ స్టిక్కరు రెండూ కనబడేలా ఫోటో పెట్టండి, చూసి చెప్తాను.