27 వేల ర్యాంకుకి సీటు వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయికి టీజీ ఎప్‌సెట్‌లో (తెలంగాణ ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష) 27 వేల పైచిలుకు ర్యాంకు వచ్చింది. బీసీ-బి. ర్యాంకు కొడితే ఏ సీటు వస్తుందో అంచనా చెప్పే ప్రెడిక్టర్లు ఫోన్‌లో నాలుగింటిలో చూస్తే నాలుగు రకాలుగా చెబుతున్నాయి. మంచి కాలేజీలో సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) వచ్చే అవకాశం ఎంత శాతం? తెలిసినాయన ఒకరు సిటీలో మేనేజ్‌మెంట్ కోటాలో సీఎస్‌ఈ ఏఐ-ఎంఎల్ (కృత్రిమ మేధ, మెషిన్ లెర్నింగ్ బ్రాంచ్) ఇప్పిస్తానంటున్నాడు, ఈ వారంలోనే అడ్వాన్స్ కట్టాలట. ర్యాంకుని బట్టి కౌన్సెలింగ్‌లో ఇచ్చే కన్వీనర్ కోటాలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) వస్తే తీసుకోవాలా, ఇది కట్టెయ్యాలా? రెండేళ్లు హైదరాబాద్ హాస్టల్లో పెట్టి చదివించాం, ఇప్పుడు చుట్టాలకి ఏం చెప్పాలో తెలియడం లేదు. (జగిత్యాల నుంచి ఒక తండ్రి)

సార్, శాతం సంగతి తర్వాత. మీరు రాసిన చివరి లైను దగ్గరే నేను ఆగిపోయాను. చుట్టాలకి ఏం చెప్పాలా? 27 వేలు వచ్చిందని చెప్పండి. ఇంజినీరింగ్‌కి ఈ పరీక్ష రాసేవాళ్లు రెండు లక్షల పైమాటే, అంటే వందమందిని వరసలో నిలబెడితే మీ అమ్మాయి ముందు పదిహేను మందిలోనే ఉంటుంది. దాన్ని మీరు ఇంట్లో చావు కబురులా మోస్తుంటే ఆ పిల్లకి ముద్ద ఎలా దిగుతుంది?

ఏటా ఈ రోజుల్లో నాకు ఇదే ప్రశ్న వస్తుంది, ర్యాంకు అంకె ఒక్కటే మారుతుంది. పోయినేడు ఒకాయన కూతుర్ని వెంటబెట్టుకొచ్చి గంటసేపు తనే మాట్లాడారు. ఆ పిల్ల ర్యాంకు కార్డు మూలని మడుస్తూ విప్పుతూ కూర్చుంది, చివరికి ఆ మూల ఊడి చేతిలోకి వచ్చింది. 'నీకేం చదవాలనుందమ్మా' అని అడిగితే వాళ్ల నాన్న మొహం వైపు చూసింది. మీ ప్రశ్నలో కూడా అమ్మాయికి ఏం ఇష్టమో ఒక్క ముక్క లేదు, గమనించారా?

సరే, సీటు లెక్క. ప్రెడిక్టర్లని పక్కన పడేయండి, వాటిలో చాలావాటికి కావలసింది మీ ఫోన్ నంబరు. కౌన్సెలింగ్ వెబ్‌సైట్‌లోనే లాస్ట్ ర్యాంక్ స్టేట్‌మెంట్ ఉంటుంది, అంటే ఏ కాలేజీలో ఏ బ్రాంచ్‌కి ఏ ర్యాంకు దాకా సీటు వచ్చిందో చెప్పే పట్టిక, నెట్ సెంటర్‌లో ప్రింట్ తీయించండి. కాలేజీ కోడ్, బ్రాంచ్, ఆ తర్వాత ఓసీ బాయ్స్, ఓసీ గర్ల్స్ అంటూ గళ్లు అడ్డంగా వెళ్తాయి. చాలామంది మొదటి గడి చూసే గుండె జారిపోతారు. మీరు స్కేలు పెట్టుకుని బీసీ-బి గర్ల్స్ గడి దాకా వెళ్లండి. ఒక్క ఏడాదిది చాలదు, ఎందుకంటే 2024లో ఏఐసీటీఈ (ఇంజినీరింగ్ కాలేజీలకి అనుమతులిచ్చే కేంద్ర సంస్థ) సీట్ల పరిమితి ఎత్తేశాక కొన్ని కాలేజీల్లో కంప్యూటర్ సెక్షన్లు పెరిగాయి, దాంతో పాత కటాఫ్‌లు అటూ ఇటూ జరిగాయి. రెండు మూడేళ్లవి పక్కపక్కన పెట్టుకుంటేనే మీ ర్యాంకు ఎక్కడ నిలబడుతుందో తెలుస్తుంది.

ఉన్నమాట చెప్పాలంటే ఈ ర్యాంకుకి హైదరాబాద్‌లో పేరున్న సీబీఐటీ, వాసవి, వీఎన్‌ఆర్ కాలేజీల్లో సీఎస్‌ఈ రాదు. అయినా ఆప్షన్లలో పైన పెట్టండి, పెడితే పోయేదేం లేదు. వాటి కింద అమ్మాయి నిజంగా వెళ్లాలనుకునే వరసలోనే మిగతావి నింపండి, ఎందుకంటే కౌన్సెలింగ్ రెండో ఫేజ్‌లో (విడతలో) వేరే సీటు వచ్చిందంటే మొదటిది దానంతట అదే పోతుంది, వెనక్కి రాదు. నారాయణమ్మ, బీవీఆర్‌ఐటీ హైదరాబాద్ లాంటి ఆడపిల్లల కాలేజీల గళ్లు కూడా చూడండి. ఇంకోటి, మీ జిల్లాలోనే నాచుపల్లిలో జేఎన్‌టీయూ వాళ్ల కాలేజీ ఉంది, ప్రభుత్వ యూనివర్సిటీది. మీ ఉత్తరంలో దాని పేరే లేదు! జగిత్యాల వాళ్లు దాన్ని వదిలేసి సిటీ కాలేజీల కోసం బస్సెక్కుతుంటారు.

ఇప్పుడు ఆ ఏఐ-ఎంఎల్. నాకు దీని మీద అనుమానం ఉంది, దాచుకోను. సబ్జెక్టు మంచిదే, దాన్ని చెప్పేవాళ్లు ఎక్కడున్నారన్నదే నా బాధ. రెండు సెక్షన్ల కాలేజీ ఏడాది తిరిగేసరికి ఆరు సెక్షన్లయితే అంతమంది లెక్చరర్లు ఎక్కడి నుంచి ఊడిపడతారు? నేను వెళ్లిన ఒక కాలేజీలో నిన్నటి దాకా థర్మోడైనమిక్స్ చెప్పిన సార్ పైథాన్ చెబుతున్నాడు, పాపం ఆయన కూడా ముందురోజు రాత్రి యూట్యూబ్ చూసుకుని వస్తున్నాడు. పైగా మొదటి రెండేళ్ల సిలబస్ మామూలు సీఎస్‌ఈకి, దీనికి చాలావరకు ఒకటే. బోర్డు మీద పేరు కోసం లక్షలు పోస్తారా?

డబ్బు లెక్క కూడా చూసుకోండి. మేనేజ్‌మెంట్ సీటుకి ప్రభుత్వం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. కన్వీనర్ సీటుకైనా బీసీలకి ర్యాంకు 10 వేలు దాటితే ఏడాదికి 35 వేలే వస్తుంది, మిగతాది మీ జేబులోంచే, అదీ ఆదాయం పరిమితి లోపల ఉంటేనే. ఇక సీటు కోసం ఫీజు కాకుండా పైన తీసుకునే డొనేషన్ అనేది 1983 నాటి చట్టం ప్రకారమే నేరం. అందుకే సీటు ఇప్పిస్తానన్న ఆ తెలిసినాయన ఫోన్లో మాట్లాడతాడు, కాగితం మీద రాయడు.

ఈసీఈనా, ఏఐ-ఎంఎల్లా అని మీరు పోల్చి చెప్పమన్నారు. పోల్చడానికి పెద్దగా ఏం లేదు. పాఠం చెప్పే మనుషులున్న కాలేజీలో ఈసీఈ వస్తే, అమ్మాయికి అది సరేననిపిస్తే, తీసుకోండి. సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో ఈసీఈ వాళ్లు బోలెడంత మంది ఉన్నారు, కోడింగ్ నేర్చుకోవడానికి ఎవరూ అడ్డుపడరు. నాచుపల్లిలో సీఎస్‌ఈ దొరికితే ఇంకా మంచిది. ఈ ర్యాంకుతో సీటు రాకుండా ఇంట్లో కూర్చునే పరిస్థితి అయితే లేదు, ఆ టెన్షన్ ఇవాళే వదిలేయండి.

వెబ్ ఆప్షన్ల రోజు మౌస్ అమ్మాయి చేతికివ్వండి. మీరు పక్కన కూర్చుని ప్రింటౌట్ చదివి పెట్టండి చాలు. ఆదాయం సర్టిఫికెట్‌కి మీసేవలో ఇప్పుడే అప్లై చేయండి, చివరి వారంలో సర్వర్ మొరాయిస్తుంది.

ఇంతకీ ఆ అడ్వాన్స్ ఇంకా కట్టలేదు కదా? కట్టేసి ఉంటే రసీదు ఉందో లేదో చూసి నాకు మళ్లీ రాయండి.