మూడో వారం నీది

అమ్మడూ,

సోమవారం నీకు మొదటి కీమో అని నిన్న అల్లుడు ఫోన్ చేసి చెప్పాడు. నీతో మాట్లాడదామనుకున్నాను గానీ, ఫోన్లో ఇద్దరం ఏడవడం తప్ప పనికొచ్చే మాట ఒక్కటీ చెప్పుకోలేం. అందుకే రాస్తున్నాను. 2011లో నాకు వచ్చిందీ, ఇప్పుడు నీకు వచ్చిందీ ఒకే రకం లింఫోమా, అదే లింఫు గ్రంథుల క్యాన్సర్. మందులూ అవే, 21 రోజులకోసారి, ఆరుసార్లు. ఒక్కో 21 రోజుల్నీ ఒక సైకిల్ అంటారు. మందులకు బాగా లొంగే రకమని మీ డాక్టరుగారు అన్నారట. ఆ మాట గట్టిగా పట్టుకో.

ధైర్యంగా ఉండమని అందరూ అంటారు. ఎలా ఉండాలో ఎవరూ చెప్పరు. నాకు తెలిసిన దారి ఒకటే. ఆ 21 రోజుల్లో ఏ రోజు ఎలా గడుస్తుందో కాగితం మీద రాసుకోవడం. మొదటిసారి ఏడో రోజున నేను మంచం మీద తడిగుడ్డలా పడి ఉన్నాను. ఇక నా బతుకింతే అనుకున్నాను. పదో రోజు పొద్దున మీ పెదనాన్నని ఇడ్లీ అడిగాను. రెండో సైకిల్లోనూ ఏడో రోజు అలాగే వచ్చింది, అలాగే పోయింది. మూడోసారి వచ్చేసరికి, "ఇది ఏడో రోజు కదూ, ఎల్లుండికి లేస్తాను" అనుకుని అటు తిరిగి పడుకున్నాను. అమ్మడూ, నాకు ఆశ అలా వచ్చింది. దేవుడి పటం ముందు కూర్చుంటే వచ్చింది కాదు, క్యాలెండర్ చూసి చూసి వచ్చింది. నీ రోజులు నా రోజుల్లాగే ఉంటాయని చెప్పను. నీ లెక్క నువ్వు రాసుకో.

మొదటి రోజు ఎక్కువసేపు పడుతుంది. రిటుక్సిమాబ్ అనే మందు మొదటిసారి చాలా నెమ్మదిగా ఎక్కిస్తారు. మధ్యలో చలి, వణుకు రావచ్చు. వస్తే వెంటనే నర్సుని పిలువు, కాసేపు ఆపి మళ్ళీ మొదలుపెడతారు. ఎర్రమందు ఎక్కేటప్పుడు సూది దగ్గర ఏమాత్రం మంట అనిపించినా, వాపు కనిపించినా మొహమాటపడకుండా గట్టిగా చెప్పు. ఆ మందు నరం దాటి బయటికొస్తే చుట్టూ ఉన్న కండ దెబ్బతింటుంది. ఆ తర్వాత ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తుంది. అది మందు రంగే, రక్తం కాదు. నీళ్ళు మాత్రం బాగా తాగి, మాటిమాటికీ మూత్రానికి వెళ్ళు. ఇంకో మందు మూత్రాశయాన్ని మండిస్తుంది, అందుకు.

ఐదు రోజులు ప్రిడ్నిసొలోన్ మాత్రలు ఉంటాయి. పొద్దున్నే టిఫిన్ తిన్నాక వేసుకో. సాయంత్రం వేసుకున్నావా, రాత్రంతా ఫ్యాన్ చూస్తూ కూర్చుంటావు. ఆ ఐదు రోజులూ ఒళ్ళు బాగానే ఉందనిపిస్తుంది, ఆకలీ వేస్తుంది. అవి ఆపిన మర్నాడు నీరసం ఒక్కసారిగా కూలేస్తుంది. నా ఏడో రోజు రహస్యం చాలావరకు అదే.

వాంతికి ముందే మాత్ర ఇస్తారు. వాంతి వచ్చేదాకా ఆగకు, చెప్పిన వేళకి వేసుకో. తాలింపు వాసన పడదు. అత్తగారితో చెప్పి, పోపు వేసేటప్పుడు నువ్వు బాల్కనీలోకి వెళ్ళిపో. వేడివేడి అన్నం కంటే చల్లారినది వాసన తక్కువ వేస్తుంది. కాచిన పాలతో ఇంట్లో తోడేసిన పెరుగు కలిపిన అన్నం, పెసరకట్టు, ఇడ్లీ, ఉడికించిన గుడ్డు, ఇవే నన్ను నిలబెట్టాయి. నోరు ఇనుము నాకినట్టుంటే స్టీలు చెంచా పక్కన పెట్టి చెక్కదో ప్లాస్టిక్‌దో వాడు. ఉప్పూ వంటసోడా కలిపిన గోరువెచ్చని నీళ్ళు రోజుకి నాలుగైదుసార్లు పుక్కిలించు. బయటి చట్నీలు, కోసి అమ్మే పళ్ళు ఈ ఆరు సైకిళ్ళూ అయ్యేదాకా వద్దు.

ఇప్పుడు చెప్పేది మీ ఆయన కూడా చదవాలి. ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు వరకు, క్రిములతో పోరాడే తెల్లకణాలు బాగా తగ్గుతాయి. రెండో సైకిల్లో పదకొండో రోజు రాత్రి నాకు 100.8 జ్వరం వచ్చింది. అర్ధరాత్రి ఎవరిని లేపుతాంలే అని పారాసిటమాల్ వేసుకున్నాను. జ్వరం దిగింది, హమ్మయ్య అనుకున్నాను. తెల్లవారుజామున మంచం ఊగేంత చలి, బీపీ పడిపోయింది. ఆరు రోజులు ఆస్పత్రిలో ఉన్నాను. తప్పు పూర్తిగా నాదే. థర్మామీటర్ తలగడ దగ్గరుంచుకో. 100.4 చూపిస్తే ఏ మాత్రా వేసుకోకుండా ముందు ఆస్పత్రికి ఫోన్ చెయ్యి, బయల్దేరు. అర్ధరాత్రైనా సరే, పండగైనా సరే.

ఇక మూడో వారం. అది నీది. తెల్లకణాల కౌంట్ లేస్తుంది, నోటికి రుచి వస్తుంది. ఇష్టమైన పనులన్నీ ఆ వారానికి దాచుకో. నేను ఒక్కో మూడో వారానికి ఒక్కో పని పెట్టుకున్నాను. ఒకసారి పొద్దున్నే కాలవ గట్టు మీద నడిచి రావడం, ఒకసారి మనవడికి గుణింతాలు నేర్పడం. వాడు "కౌ" దాకా వచ్చేసరికి నా ఆరు సైకిళ్ళూ అయిపోయాయి.

మా వాకిట్లో బిళ్ళగన్నేరు ఉంది చూడు, చిన్నప్పుడు నువ్వు జడలో పెట్టుకునేదానివి. నీకు ఎక్కించే విన్‌క్రిస్టిన్ ఆ మొక్క నుంచి వచ్చిందే. 1950ల్లో కెనడాలో ఆ ఆకు షుగరుకి పనికొస్తుందేమోనని పరీక్షిస్తుంటే, తెల్లకణాలు తగ్గిపోవడం కనిపించిందట. అలా మొదలైన వెతుకులాటలోనే తర్వాత ఇదీ దొరికింది. సైకిల్‌కి వెళ్ళే రోజు నేను ఆ మొక్కకి నీళ్ళు పోసి వెళ్ళేదాన్ని. అలాగని ఎవరైనా ఆ ఆకు కషాయం తెస్తే నోట్లో పోసుకోకు, ముట్టుకోను కూడా ముట్టుకోకు. ఆస్పత్రిలో కొలిచి ఇచ్చేది మందు, ఇంట్లో మరిగించేది విషం. ఏ నాటుమందైనా డాక్టర్ని అడక్కుండా వద్దు.

విన్‌క్రిస్టిన్‌కి మలబద్ధకం ఉంటుంది, సిరప్ ముందే రాయించుకో. నాలుగో సైకిల్‌కి నా వేళ్ళు తిమ్మిరెక్కి జాకెట్టు హుక్కు పెట్టుకోలేకపోయాను. సిగ్గుపడి చెప్పలేదు, మీ పెదనాన్న పెట్టేవాడు. చెప్పాక డాక్టరు మోతాదు తగ్గించారు. చిన్నదైనా చెప్పు.

చూడ్డానికొచ్చి, "మా వాళ్ళలో ఒకావిడకి ఇలాగే..." అని మొదలుపెట్టేవాళ్ళుంటారు. ఫోన్ అల్లుడికిచ్చెయ్యి, వాళ్ళని వినాల్సిన పని నీకు లేదు. ఏడుపొస్తే ఏడువు, దానికి జబ్బేం పెరగదు.

జుట్టు రెండు మూడు వారాలకి ఊడటం మొదలవుతుంది. దిండు మీద చూసేదాకా ఆగకుండా ముందే పొట్టిగా కత్తిరించుకుంటే నయం. నీ మొదటి మూడో వారానికి రాత్రి రైల్లో నేనొస్తున్నాను. తలకి చుట్టుకోవడానికి నా పాత నూలు చీరలు చించి అంచులు కుట్టి తెస్తాను. ఆకుపచ్చది ఒకటి, వంకాయ రంగుది ఒకటి ఉన్నాయి. ఇంకేదైనా కావాలంటే చెప్పు.

నీ పెద్దమ్మ