స్టార్ట్ మెనూను పనుల వారీగా సర్దుకోవచ్చు

ప్రశ్న: మాది జిరాక్స్, డీటీపీ సెంటర్. విండోస్ 11 సిస్టమ్‌లో పేజ్‌మేకర్, ఫొటోషాప్, అను స్క్రిప్ట్ మేనేజర్, స్కానర్, రెండు ప్రింటర్ల సాఫ్ట్‌వేర్ ఉన్నాయి. స్టార్ట్ నొక్కి 'ఆల్'లోకి వెళ్తే చాంతాడంత లిస్టు వస్తోంది. కొత్తగా చేరిన అబ్బాయి ప్రతిదానికీ వెతుక్కుంటున్నాడు. దీన్ని మాకు కావలసినట్టు మార్చుకునే వీలుందా?

జవాబు: నిక్షేపంగా ఉంది, అదీ వేరే సాఫ్ట్‌వేర్ ఏదీ వేయకుండానే. ఆ లిస్టులో మీకు కనిపించేవి చాలావరకు షార్ట్‌కట్‌లు, అంటే అసలు ప్రోగ్రామ్‌ను తెరిచే చిన్న లింకులు. అవన్నీ హార్డ్ డిస్క్‌లో 'ప్రోగ్రామ్స్' అనే మామూలు ఫోల్డర్‌లో ఉంటాయి. ఆ ఫోల్డర్‌లో మార్పు చేస్తే మెనూ కూడా మారుతుంది. 1995లో విండోస్ 95తో స్టార్ట్ మెనూ వచ్చింది. 2012లో విండోస్ 8 దాన్ని తీసేసింది, 2015లో విండోస్ 10 మళ్లీ తెచ్చింది. పైరూపం ఎంత మారినా ఈ ఏర్పాటు మాత్రం అలాగే ఉంది.

లిస్టులో ఫొటోషాప్ మీద రైట్ క్లిక్ చేసి, 'మోర్'లో 'ఓపెన్ ఫైల్ లొకేషన్' నొక్కండి. షార్ట్‌కట్ ఉన్న ఫోల్డర్ తెరుచుకుంటుంది. అది ఏదైనా కంపెనీ పేరుతో ఉన్న ఫోల్డర్ అయితే, ఒక మెట్టు పైకి వెళ్తే 'ప్రోగ్రామ్స్' కనిపిస్తుంది. ముందు ఆ ఫోల్డర్ మొత్తాన్ని డి డ్రైవ్‌లోకి కాపీ చేసి పెట్టుకోండి. ఏదైనా తేడా వస్తే మళ్లీ అక్కడి నుంచి తెచ్చుకోవచ్చు.

ఇప్పుడు 'ప్రోగ్రామ్స్' లోపల మీ పనుల పేర్లతో కొత్త ఫోల్డర్లు చేయండి: డీటీపీ, ఫొటోలు, స్కానింగ్, ప్రింటర్లు. షార్ట్‌కట్‌లను కట్ చేసి వాటిలో పేస్ట్ చేయండి. అడ్మినిస్ట్రేటర్ అనుమతి అడిగితే 'కంటిన్యూ' నొక్కండి. ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు చాలా సాఫ్ట్‌వేర్లు తమ కంపెనీ పేరుతో ఒక ఫోల్డర్ వేసుకుని, అందులో రీడ్‌మీ, హెల్ప్, వెబ్‌సైట్ లింకు, అన్‌ఇన్‌స్టాల్ లాంటివి పెడతాయి. లిస్టు అంత పొడుగు కావడానికి ఇదో ముఖ్య కారణం. స్కాన్ చేయాల్సిన అబ్బాయికి ఆ స్కానర్ ఏ కంపెనీదో గుర్తుండాల్సిన అవసరం ఏముంది? అందుకే ఫోల్డర్లకు పని పేరే పెట్టమంటాను. రీడ్‌మీ లాంటి షార్ట్‌కట్‌లను డిలీట్ చేయడానికి భయపడకండి. షార్ట్‌కట్ పోతే ప్రోగ్రామ్ పోదు.

రోజూ వాడే ఫోల్డర్ పైన ఉండాలంటే దాని పేరు ముందు అంకె వేయండి. ఫైళ్లను కుదించే 7-జిప్ ఉన్నవాళ్లు గమనించే ఉంటారు, అంకెతో మొదలయ్యేవన్నీ 'ఏ' కంటే ముందే వస్తాయి. '1 డీటీపీ', '2 స్కానింగ్' అని పెడితే సరిపోతుంది.

కొన్ని చిక్కులు ఉన్నాయి. వెతికిన షార్ట్‌కట్ ఆ ఫోల్డర్‌లో లేకపోతే కంగారు పడకండి. 'ప్రోగ్రామ్స్' ఫోల్డర్లు రెండు ఉంటాయి. ఒకటి సిస్టమ్ వాడే అందరికీ, రెండోది మీ లాగిన్‌కు మాత్రమే. మెనూలో రెండూ కలిసి కనిపిస్తాయి. విండోస్ 7లో లాగా ఫోల్డర్‌లో ఫోల్డర్ పెట్టకండి, ఇప్పటి మెనూ ఒక్క అంతస్తే చూపిస్తుంది. అక్కడే ఉన్న 'స్టార్టప్' ఫోల్డర్ జోలికి వెళ్లకండి. అందులో ఏది వేస్తే అది లాగిన్ అయిన ప్రతిసారీ తనంతట తానే తెరుచుకుంటుంది. కాలిక్యులేటర్, ఫొటోస్ లాంటి స్టోర్ యాప్‌లకు 'ఓపెన్ ఫైల్ లొకేషన్' రాదు, వాటిని ఇలా జరపలేరు. ఏదైనా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయినప్పుడు పాత షార్ట్‌కట్‌లు తిరిగి రావచ్చు. అప్పుడు మళ్లీ తీసేయడమే.

రోజూ వాడే నాలుగైదింటిని పిన్ చేసుకోండి, అంటే స్టార్ట్ నొక్కగానే కనిపించేలా పెట్టుకోండి. ఒక పిన్ ఐకాన్‌ను లాగి ఇంకోదాని మీద వదిలితే రెండూ కలిసి ఫోల్డర్ అవుతాయి, దానికీ పేరు పెట్టుకోవచ్చు. ఎప్పుడో ఒకసారి వాడేవాటి కోసం విండోస్ కీ నొక్కి, పేరులో మొదటి రెండు మూడు అక్షరాలు కొడితే చాలు. వాటన్నిటినీ సర్దుతూ కూర్చోవడం వృథా.

ప్రశ్న: మా నెట్ సెంటర్‌లో స్టార్ట్ నొక్కగానే కింద 'రికమెండెడ్'లో కస్టమర్ల ఫైళ్ల పేర్లు కనిపిస్తున్నాయి. ఆపేదెలా?

జవాబు: ఇది ఈ రోజే ఆపేయండి. 'ఆధార్' అనే మాట పక్కన ఒకరి పేరు, పక్కన నిలబడ్డ ఇంకొకరి కంట పడకూడదు. సెట్టింగ్స్, పర్సనలైజేషన్, స్టార్ట్‌లోకి వెళ్లండి. అక్కడ రికమెండెడ్ ఫైల్స్, రీసెంట్ ఫైల్స్, జంప్ లిస్టులు అంటూ పొడవాటి వాక్యం పక్కన ఒక స్విచ్ ఉంటుంది. దాన్ని ఆఫ్ చేయండి. అలా చేస్తే ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లోని రీసెంట్ లిస్టు కూడా పోతుంది. మీకు కొంచెం అసౌకర్యమే, అయినా పదిమంది వచ్చిపోయే సిస్టమ్‌లో అలా ఉండటమే మంచిది. అయితే ఫైళ్లు మాత్రం డిస్క్‌లో అలాగే ఉంటాయి. పని అయ్యాక డౌన్‌లోడ్స్ ఫోల్డర్, రీసైకిల్ బిన్ రెండూ ఖాళీ చేయండి.

ప్రశ్న: 2025 అక్టోబర్ 14తో విండోస్ 10 సపోర్ట్ ఆగిపోయిందని పాత ల్యాప్‌టాప్‌లో విండోస్‌కు బదులుగా లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేశాను. ఇందులో మెనూ మార్చుకోవచ్చా?

జవాబు: మింట్‌లో మెనూ ముందే గ్రాఫిక్స్, ఇంటర్నెట్, ఆఫీస్ అంటూ విభాగాలుగా వస్తుంది. ప్రతి ప్రోగ్రామ్‌తో పాటు వచ్చే ఒక చిన్న టెక్స్ట్ ఫైల్‌లో అది ఏ విభాగానికి చెందిందో రాసి ఉంటుంది. మెనూ గుర్తు మీద రైట్ క్లిక్ చేసి 'కాన్ఫిగర్'లోకి వెళ్తే మెనూ ఎడిటర్ దొరుకుతుంది. అక్కరలేని ప్రోగ్రామ్ పక్కన టిక్ తీసేస్తే అది మెనూలో కనిపించదు, సిస్టమ్‌లో మాత్రం ఉంటుంది. ఈ మార్పులు మీ హోమ్ ఫోల్డర్‌లోనే సేవ్ అవుతాయి కాబట్టి, అదే ల్యాప్‌టాప్‌లో వేరే లాగిన్ వాడే మీ ఇంట్లోవాళ్ల మెనూ మారదు.